వేరే సబ్బు వాసన

ఆ ఏడు మార్గశిరంలో మా ఆయన వరుసగా ఆరు రోజులు మా ఇంటిది కాని సబ్బు వాసనతో ఇంటికొచ్చాడు.

మొదటి రోజు నేను వాకిట్లో కూర్చుని బియ్యం చెరుగుతున్నాను. ఆయన బండి స్టాండు వేసి లోపలికి వస్తుంటే చూశాను, తల ఇంకా తడిగా ఉంది. పొద్దున వేసుకుపోయిన చొక్కా ఒంటి మీద లేదు. ఎవరిదో తెల్ల చొక్కా, భుజాల దగ్గర వదులుగా వేలాడుతోంది. నా పక్కనుంచి పోతుంటే గంధం సబ్బు వాసన గుప్పుమంది. పదకొండేళ్ల కాపురంలో ఆయన చేను నుంచి స్నానం చేసి రావడం నేనెన్నడూ చూడలేదు. పురుగుమందు కంపుతో రావడం, నేను వేణ్ణీళ్లు తోడి వీపు తోమడం, అదే మా అలవాటు.

అడిగితే దాచకుండానే చెప్పాడు.

"మందు కొట్టిన బట్టలు ఇంటికి తేవొద్దంట. బోరు కాడనే తానం చేసి రావాలంట. ఆ బట్టలు వేరే బకెట్ల నానేసి వేరేగ ఉతుకుతరంట."

"ఎవరు చెప్పిన్రు?"

"జయశ్రీ. ఈ అంగి వాళ్ల నాయినది."

ఆయన ఆ పేరు మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం మామూలుగా వినపడలేదు.

జయశ్రీ గోపాలయ్య కూతురు. మొగుడితో పడక మూడేళ్ల కింద హైదరాబాదు నుంచి మా ఊరికి తిరిగొచ్చింది. మాది తెలకపల్లి దగ్గర ఊరు, మెట్ట ఎక్కువ, పత్తి ఎక్కువ. వచ్చిన ఏడాదే తండ్రి ఎనిమిదెకరాలు తన చేతిలోకి తీసుకుంది. పాలెం వ్యవసాయ పరిశోధన కేంద్రానికి పోయి శిక్షణ తీసుకుంది. ఈ ఏడు పత్తిని దగ్గర దగ్గర సాళ్లుగా పెట్టి, కూలీలు లేకుండా యంత్రంతో ఏరిస్తానంది. మరో నలుగురు రైతులు ఆమె మాట విన్నారు. మా రెండెకరాల కౌలు చేను కూడా మా ఆయన అట్లాగే పెట్టాడు. అయితే యంత్రం దిగాలంటే ముందు చెట్టు మీది ఆకంతా మాడి రాలిపోవాలి, లేకపోతే పత్తిలో ఆకు చెత్త కలుస్తుంది. దానికో మందు ఉంది. గడ్డిమందు జాతిదే. ఆ మందు కొట్టడానికి ఆమె మా ఆయన్ని పిలిచింది. ఊళ్లో హన్మంతు కొట్టినంత సమంగా మందు ఎవరూ కొట్టరని పేరు.

ఆ పేరు నాకు గర్వంగానే ఉండేది, ఆమె నోట వినేవరకు.

రెండో రోజు ఇంకో సంగతి తెలిసింది. సద్ది చేనికి తేవద్దన్నారట. మందు కొట్టే చోట తినకూడదట, నీళ్లు కూడా తాగకూడదట. చేతులు సబ్బుతో కడుక్కుని వాళ్ల ఇంటి అరుగు మీద కూర్చుని తిన్నానని చెప్పాడు. ఏం కూర అని అడిగాను. మెంతికూర పప్పు అన్నాడు. నేను చేసే మెంతికూర చేదని ఆయన ఎన్నోసార్లు పళ్లెం పక్కకు నెట్టాడు.

మూడో రోజు బీడీల కట్ట గూట్లోనే ఉండిపోయింది. మరిచిపోయాడేమోనని తీసి ఇవ్వబోయాను. వద్దన్నాడు. మందు అంటిన వేళ్లతో బీడీ పట్టుకుంటే విషం నేరుగా నోట్లోకి పోతుందని ఆమె చెప్పిందట, అందుకని పని అయ్యేవరకు మానేశాడట. ఆ బీడీలు మానమని నేను పదకొండేళ్లు మొత్తుకున్నాను. మా పాప యామిని పుట్టినప్పుడు దాని తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాను. మూడు దినాలు నిలవలేదు ఆ ఒట్టు. ఆ కట్టను చేతిలో పట్టుకుని నేను చాలాసేపు పొయ్యి ముందు కూర్చున్నాను. సంతోషించాల్సిన మాట అది. నాకు లోపల మిరపకాయ పూసినట్టు మండింది.

నాలుగో రోజు ఉండబట్టలేక చేనికి పోయాను.

పొద్దు అప్పుడే పొడుస్తోంది. గాలి లేని వేళ చూసి కొట్టాలని తెల్లవారకముందే మొదలుపెట్టేవారు. గట్టు మీదనుంచి చూస్తే ఇద్దరే కనిపించారు. ఆయన మోకాళ్ల దాకా బూట్లు, మెడ దాకా గుండీలు పెట్టిన పసుపుపచ్చ ప్లాస్టిక్ కోటు వేసుకుని రెండు చేతులూ ముందుకు చాచి నిలబడ్డాడు. ఆమె ఆయన చేతులకు గ్లౌజులు తొడిగి, వాటి అంచుల మీదికి కోటు చేతులు లాగి, మణికట్టు దగ్గర రబ్బరు బ్యాండు వేస్తోంది. ఒక చెయ్యి అయ్యాక ఇంకో చెయ్యి. మందు చేతి మీదుగా లోపలికి కారకుండా అట్లా వేస్తారని తర్వాత తెలిసింది. అప్పుడు నాకు కనిపించింది ఒకటే, ఆమె వేళ్లు ఆయన మణికట్టు మీద ఉన్నాయి. ఆయన బడికి పోయే పిల్లాడిలా కదలకుండా నిలబడ్డాడు. నేను చొక్కా గుండీ పెట్టబోయినా విదిలించుకునే మనిషి.

ఆమె తలెత్తి నన్ను చూసింది.

"వదినా, అక్కడ నిలబడకు. గాలి అటు తిరుగుతుంది. జర ఈ పక్కకు రా."

ఆమె ఆయన్ని అన్నా అంటుంది, నన్ను వదినా అంటుంది. ఊరంతా అట్లాగే పిలుచుకుంటాం. ఆ పిలుపు నన్నేమీ ఊరడించలేదు. నేను పక్కకు పోలేదు. సద్ది మూట గట్టు మీద పెట్టి, అక్కడినుంచే వెనక్కి తిరిగాను. దారిలో గోపాలయ్య వాళ్ల అరుగు మీద చలి కాచుకుంటూ కనిపించాడు. బాగున్నవా అలివేలూ అని చెయ్యెత్తాడు. ఆ చేతి గోళ్లు నల్లబడి, వంకరపోయి ఉన్నాయి. ముసలితనం అనుకున్నాను.

ఆ మధ్యాహ్నం నల్లా దగ్గర పక్కింటి పుష్పమ్మ నా బిందె పక్కన తన బిందె పెడుతూ నవ్వింది. మీ ఆయన ఈ మధ్య తెల్లగా అవుతున్నాడు, రోజూ తానాలట కదా అంది. అంతే అంది. మిగతాదంతా నేనే కల్పించుకున్నాను. బోరు దగ్గర ఆయన తల మీద ఆమె నీళ్లు పోస్తున్నట్టు, ఆయన చొక్కాను ఆమె ఉతుకుతున్నట్టు, ఎనిమిదెకరాల చేను మధ్యలో వాళ్లిద్దరే ఉన్నట్టు. ఆ బట్టలు గ్లౌజులు వేసుకుని ఉతికేది గోపాలయ్యేనని కూడా నాకు తర్వాతే తెలిసింది.

ఆ రెండు రోజులు నేను ఆయనతో మాట్లాడలేదు. ఆయన కూడా కదిలించలేదు. ఆరో రోజు సాయంత్రం అందరి చేన్లూ అయిపోయాయి, ఇక మాదొక్కటే మిగిలింది. ఆయన హుషారుగా వచ్చాడు. చేతిలో పెద్ద సంచి. అందులో కడిగి ఆరబెట్టిన కోటు, గ్లౌజులు, కళ్లద్దాలు, మాస్కు ఉన్నాయి. మన చేనుకు కొట్టేటప్పుడు కూడా ఇవే వేసుకోమని ఇచ్చింది, మందు కూడా సరిపడా ఇచ్చింది, ఇంకో పన్నెండు రోజులకు యంత్రం వస్తుంది, రేపే కొట్టకపోతే మన చేను తప్పిపోతుంది అని చెప్పాడు. సంచిని గూట్లో పెట్టి, మందు కొట్టే పంపు చార్జింగు పెట్టడానికి తన అన్న ఇంటికి పోయాడు. మా ఇంట్లో మూడు రోజుల నుంచి కరెంటు వైరు కాలిపోయి ఉంది.

నేను సంచి విప్పి చూశాను. కోటు లోపల మెడ దగ్గర పెన్నుతో హన్మంతు అని రాసి ఉంది. గుండ్రని అక్షరాలు, చదువుకున్న వాళ్ల రాత. నాకు నా సంతకం తప్ప రాయడం రాదు.

కాలువ మా ఇంటి వెనక నుంచే పోతుంది. పొద్దుగూకుతోంది. సంచిలో రెండు రాళ్లు వేసి మూతి కట్టి నీళ్లలోకి జారవిడిచాను. కొంగు తడిసింది. బుడగలు వచ్చినంతసేపు చూసి, ఇంటికొచ్చి అన్నం వార్చాను.

తెల్లవారుజామున ఆయన గూట్లో వెతికాడు. మంచం కింద, ధాన్యం బస్తాల వెనక వెతికాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"సంచి ఏది అలివేలూ?"

"నాకేం తెల్సు? కుక్కలు గుంజుకపోయినయేమో."

ఆయన నన్ను కాసేపు చూశాడు. జయశ్రీ దగ్గర ఇంకోటి ఉంటుంది, పోయి అడిగి తెస్తానన్నాడు.

"పో. గట్లనే ఆడనే ఉండు, మళ్ల ఈ గడప తొక్కకు. ఇన్నేండ్లు ఏ కోటు ఏసుకొని కొట్టినవ్?"

అదే గొంతుతో ఇంకా అన్నాను, మందు కొట్టి ఇంటికే రావాలని, ఇక్కడే స్నానం చెయ్యాలని, నీళ్లు నేనే కాచి పెడతానని.

ఆయన పాత చొక్కా తొడుక్కుని పంపు తీసుకుని పోయాడు.

ఆ పంపు మూతలో వాషరు అరిగిపోయి ఉంది. నిండుగా పోస్తే నడిచేటప్పుడు చిందేది. ఆరు రోజులు అది కోటు మీద కారింది. ఏడో రోజు చొక్కా మీద కారింది. పట్టీలు ఒరిసి వీపు మీద, భుజాల మీద ముందే పుండ్లు ఉన్నాయి. అట్లా రెండెకరాలు మధ్యాహ్నం దాకా కొట్టాడు.

ఇంటికొచ్చేసరికి చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. నీళ్లు కాగుతున్నాయి. నేను ఆయన్ని రాతి మీద కూర్చోబెట్టి, మా ఎర్ర సబ్బుతో, కొబ్బరి పీచుతో వీపంతా తోమాను. జర మెల్లగ అన్నాడు ఒకసారి. ఆ గంధం వాసన ఎక్కడ మిగిలి ఉందోనన్నట్టు తోమాను. ఆయన వీపు నా చేతికింద ఎర్రబడుతుంటే నేను మాట్లాడుతూనే ఉన్నాను, యామిని బడి సంగతి, గొర్రెపిల్ల సంగతి. ఆరు రోజుల తర్వాత మనసారా నవ్వాను. నా మొగుణ్ణి నేను తిరిగి తెచ్చుకున్నానని అనుకున్నాను. ఆ చొక్కాను కూడా అదే తొట్టిలో వేసి ఉత్త చేతులతో ఉతికాను.

రెండో రోజుకు ఆయన వీపు కాలినట్టు ఎర్రగా ఉబ్బింది. నా అరచేతులు మండాయి, వేళ్ల సందుల్లో తోలు లేచింది. ఊరి ఆరెంపీ డాక్టరు వేడి అన్నాడు, సూది వేసి పూత మందు ఇచ్చాడు. మూడో రోజు బొబ్బలు పగిలాయి. ఆయన నోరంతా పుండ్లు పడి గంజి కూడా మింగలేకపోయాడు. నాలుగో రోజు పొద్దున, నిన్నటి నుంచి ఒంటికి సరిగ్గా పోలేదని మెల్లగా చెప్పాడు. అప్పటికీ నేను జయశ్రీకి చెప్పలేదు. ఎవరో చెబితే ఆమే వచ్చింది.

వాకిట్లో చెప్పులు విడవకుండానే లోపలికి వచ్చి ఆయన వీపు చూసింది. నా వైపు తిరిగి అడిగింది, ఖాళీ మందు సీసా ఎక్కడ అని. చేను గట్టు మీద ఉందంటే తనే పోయి, గ్లౌజు వేసుకుని, సీసాను కవర్లో చుట్టి తెచ్చింది. సీసా మీద పసుపు త్రికోణం గుర్తు ఉన్న ఆ కాగితం చూపించకపోతే డాక్టర్లకు ఏ మందో తెలియదంది. వాళ్ల కారులోనే నాగర్‌కర్నూల్ దవాఖానకు తీసుకుపోయింది. దారి పొడుగునా ఆయన ముందు సీటులో కూర్చుని ఉంటే, ఆమె బండి నడుపుతూ మాటిమాటికి ఆయన్ని చూసింది. నేను వెనక సీటులో ఉన్నాను. ఆ స్థితిలో కూడా, వాళ్లిద్దరూ ముందు కూర్చున్నారని నా మనసు లెక్క పెట్టుకుంది. ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ అది నిజం.

డాక్టరు వయసులో చిన్నవాడు. సీసా మీది కాగితం చదివి మొహం గంభీరంగా పెట్టాడు. ఈ మందుకు విరుగుడు లేదని, తోలు బాగుంటే కొంత ఆపుతుందని, పుండ్ల మీద పడి నాలుగు గంటలు అట్లాగే ఉండిపోయిందని చెప్పాడు. పడిన వెంటనే బట్టలు విప్పేసి సబ్బుతో, ఎక్కువ నీళ్లతో మెల్లగా కడగాలి, రుద్దకూడదు అన్నాడు. ఎవరు రుద్దారు అని అడగలేదు. మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, ఊపిరితిత్తుల సంగతి కొన్నాళ్లకు గాని తెలియదన్నాడు. తర్వాత మా ఆయన వైపు వంగి, కోటూ గ్లౌజులూ ఎందుకు వేసుకోలేదని అడిగాడు.

నేను మంచం కమ్మి పట్టుకుని నిలబడ్డాను.

"ఎండకు ఉడికిపోతదని ఏసుకోలే సార్," అన్నాడు ఆయన. "నాదే తప్పు."

జయశ్రీ ఆయన్ని చూసింది. తర్వాత నన్ను చూసింది.

అదే సాయంత్రం హైదరాబాదు పంపారు. పెద్ద దవాఖానలో పద్దెనిమిది రోజులు ఉన్నాం. రక్తం శుద్ధి చేసే యంత్రానికి ఆయన్ని ఐదుసార్లు కట్టారు. జయశ్రీ మూడుసార్లు వచ్చి చూసి పోయింది. రెండోసారి వచ్చినప్పుడు మెట్ల మీద నా పక్కన కూర్చుని వాళ్ల నాయిన గోళ్ల సంగతి చెప్పింది. ఇరవై ఏళ్లు ఆయన ఇదే జాతి మందును ఉత్త చేతితో కలిపాడట. గోళ్లు ఊడి మొలిచి ఊడి మొలిచి అట్లా అయ్యాయట. తన చిన్నప్పుడు ఆయన చేత్తో ముద్ద కలిపి పెట్టేవాడని, ఆ చెయ్యే గుర్తొచ్చి తాను ఊరంతటికీ చాదస్తంగా చెబుతుంటానని అంది.

అప్పుడు చెప్పాను.

"కోటు ఆయన మరువలే. నేనే కాలువల ఏసిన."

ఆమె నా చేతుల వైపు చూసింది. ఎవరో చక్రాల కుర్చీ తోసుకుంటూ పోయారు. తిట్టినా బాగుండేది. నేను తిట్టించుకోవడానికే చెప్పాను.

"నీ చేతులు డాక్టర్‌కు చూపించినవా?" అని అడిగింది.

లేదన్నాను. లేచి, నన్ను చర్మం డాక్టరు గదికి తీసుకుపోయింది. ఆమె ముందు నడుస్తుంటే వెనకనుంచి చూస్తున్న నాకు కృతజ్ఞత కలగలేదు. ఈమె నాకంటే మంచిది, ఆయనకు ఆ సంగతి ముందే తెలుసు అనుకున్నాను. నా కుళ్లు అప్పుడు కూడా చావలేదు, ఇంకో దిక్కు నుంచి లేచింది.

మేం ఇంటికొచ్చేసరికి పుష్యం నడుస్తోంది. యంత్రం వచ్చి పోయింది. మా రెండెకరాల పత్తి కూడా ఏరి, జయశ్రీ తన కొట్టంలో వేరేగా పోయించి ఉంచింది. ఆకు ఒక్కటి లేకుండా తెల్లగా ఉందని చూసొచ్చినవాళ్లు చెప్పారు. ఆయన కొట్టిన మందు అంత సమంగా పడిందట.

ఆయన ప్రాణం నిలిచింది. వీపు మానింది, తోలు మాత్రం వేరే రంగు. వాకిలి దాటి వీధి చివరి దాకా నడిస్తే ఆగి ఊపిరి తీసుకోవాలి. ఇక వీపు మీద పంపు వేయకూడదన్నారు. ఎండలో మంచం వేసుకుని కూర్చునేవాడు. ఒక పొద్దున ఆయనకు జావ ఇస్తూ నేను సంచి మాట ఎత్తాను. దాన్ని నేనే పడేశానని, కుక్కలు కాదని.

"తెల్సు," అన్నాడు. "దండెం మీద నీ చీర కొంగు తడిగుండె ఆ పొద్దుగాల."

తెలిసీ ఎందుకు పోయినవని అడిగాను.

ఆయన జవాబు చెప్పడానికి రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నాడు.

"ఆరు దినాల సంది నువ్వు ముఖం తిప్పుకుంటున్నవ్. ఒక్క పూటనే గద, ఏమైతదిలే అనుకున్న." జావ గిన్నె నా చేతిలోంచి తీసుకున్నాడు. "ఆ దినం నా వీపు తోముకుంట నవ్వినవ్ చూడు, మస్తు దినాలైంది నువ్వు గట్ల నవ్వక."

నేను ఇంట్లోకి పోయి తలుపు వెనక నిలబడ్డాను. ఏడుపు రాలేదు. అది ఇంకా చాలా రోజుల తర్వాత, మిరప నారు పోసేటప్పుడు వచ్చింది.

నేను తలుపు వెనక ఉండగానే మంచం మీద ఆయన ఫోను మోగింది. ఎవరో నాకు చూడకుండానే తెలిసింది, జయశ్రీ వారానికొకసారి ఫోను చేసి, మందులు వేసుకుంటున్నాడా అని అడుగుతుంది. ఆయన ఫోను తీసుకుని, తలుపు వైపు చూసి, స్పీకరు నొక్కి మంచం మీద పెట్టాడు. ఆమె గొంతు వాకిలంతా వినిపించింది. ఆయాసం ఎట్లుందన్నా అని అడుగుతోంది.

నాకోసమే ఆయన అట్లా పెట్టాడు. ఆ సంగతి తెలిసి కూడా నేను వెళ్లి స్పీకరు ఆపేయమని అనలేదు. గడప మీద కూర్చుని, చివరిదాకా ఒక్క మాట పోకుండా విన్నాను.